ట్రెవర్ పిక్క మీది మీసాలాయన

ట్రెవర్ ఎంట్విసిల్ ప్యాంటు వేసుకుని డ్యూటీకి వచ్చిన రోజు క్లెగ్‌షాలో ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే అతనికి ఎక్కువ బాధ కలిగించింది.

ముప్ఫై ఒక్క ఏళ్లుగా అతను మా ఊరి పోస్ట్‌మ్యాన్. అన్నేళ్లూ నిక్కరే. జనవరిలో మంచు మోకాళ్ల దాకా పేరుకున్నా నిక్కరే, కొండ మీంచి వడగళ్లు ఏటవాలుగా వచ్చి కొట్టినా నిక్కరే. ఈ వైపు పోస్ట్‌మ్యాన్‌లకు అదో పంతం. చలికి పిక్కలు ఎర్రగా కందిపోయి ఉంటే, వాటిని చూసి ఊరికి కాస్త ధైర్యంగా ఉండేది. అలాంటి మనిషి ఆగస్టు నెలలో, రోడ్డు మీద తారు మెత్తబడే ఎండలో, నల్లటి మందపాటి ప్యాంటు వేసుకుని, చెమట తుడుచుకుంటూ మిల్ స్ట్రీట్‌లో ఉత్తరాలు పంచాడు.

"ఒంట్లో బాగాలేదా ట్రెవర్?" అని పదిహేడో నంబరు ఇంటి ముసలావిడ మిసెస్ ఒగ్డెన్ అడిగింది.

"బాగానే ఉందండీ. దోమలు. కుడుతున్నాయి."

క్లెగ్‌షాలో దోమలుండవు. వాటికి కూడా ఇక్కడి చలి పడదు. మిసెస్ ఒగ్డెన్ అతని ప్యాంటు వైపు ఒకసారి, అతని మొహం వైపు ఒకసారి చూసి, "అవున్లే, ఈ ఏడు ఎక్కువగానే ఉన్నాయి" అంది. ఆ జాలికి ట్రెవర్ మెడ దాకా ఎర్రబడింది.

ఆ ప్యాంటు కింద, కుడి పిక్క మీద ఏముందో ఆవిడకు తెలుసు. ఊరందరికీ తెలుసు. అరచేతంత పచ్చబొట్టు. సీసాలు కడిగే బ్రష్షు లాంటి మీసాలతో, ఒక పక్కకి నవ్వుతున్న మొహం. కింద వంకర అక్షరాల్లో "థాంక్యూ, మిస్టర్ డెల్‌మార్". 

డెల్‌మార్ మా ఫుట్‌బాల్ క్లబ్బు యజమాని. మూడేళ్ల కిందట ఆయన కొన్నప్పుడు క్లెగ్‌షా టౌన్ క్లబ్బు పరిస్థితి ఎలా ఉండేదంటే, వేడినీళ్ల బాయిలరు పాడైతే బాగు చేయించడానికి చందాలు వేసుకునేవాళ్లం. పాత యజమాని తివాచీల కొట్టు ఆయన. ముసలివాడైపోయాడు. నాలుగు చోట్ల చిన్న చిన్న బాకీలు పెట్టి, కళ్లనీళ్లు పెట్టుకుని, అమ్మేసి వెళ్లిపోయాడు. అప్పుడొచ్చాడు డెల్‌మార్. ఏ దేశం వాడని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో దేశం పేరు చెప్పేవాళ్లు. ఇల్లు ఒక చోట, కంపెనీ ఇంకో చోట, డబ్బు ఏదో దీవిలో. మనిషి మాత్రం కలుపుగోలు. మొదటి శనివారమే జనంలో నిలబడి, మాంసం కూరి కాల్చిన మీట్‌పై ఒకటి కొనుక్కుని, దాని మీద బఠానీ ముద్ద వేయించుకుని, చెక్క చెంచాతో తిన్నాడు. మీసాలకు అంటుకున్న బఠానీని ఎవరూ చెప్పకపోతే రెండో సగం ఆట మొత్తం అలాగే చూశాడు. అంతే, ఊరు ఆయనకి పడిపోయింది.

పాత బాకీలన్నీ తీర్చాడు. కొత్త ఆటగాళ్లను తెచ్చాడు. వాళ్లలో ఒకడి వారం జీతం, ట్రెవర్‌కి ఏడాదిన్నర జీతం. అది తెలిసినప్పుడు కూడా ట్రెవర్‌కి కోపం రాలేదు, గర్వంగా అనిపించింది. "ఈయన మనల్ని ఈ ఏడు లీగులో ఒక మెట్టు పైకెక్కిస్తే ఈయన మొహం నా పిక్క మీద పొడిపించుకుంటా" అని క్లబ్బు బారులో గ్లాసు పైకెత్తి మరీ అన్నాడు. ఎక్కించాడు. మే నెలలో ఊరేగింపైన మూడో రోజు, ట్రెవర్ పచ్చబొట్లు వేసే జోడీ అనే అమ్మాయి కొట్టులో బల్ల మీద బోర్లా పడుకున్నాడు.

ఊరి పేపర్లో ఫొటో వచ్చింది. పిల్లలు ఇంటి మెట్ల మీద కాపు కాసి "చూపించు, చూపించు" అనేవాళ్లు. అతను వెనక్కి తిరిగి, పిక్క బిగించి, మొహం నవ్వుతున్నట్టు కదిలించేవాడు. మిసెస్ ఒగ్డెన్ ఒక్కావిడ కళ్లద్దాలు సర్దుకుని, "మీ నాన్నగారా? పోలికలు తెలుస్తున్నాయి" అంది. 

ట్రెవర్ నాన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆయన చితాభస్మం టెంటర్స్ మైదానంలో ఉంది. టెంటర్స్ అంటే మా క్లబ్బు ఆడే చోటు. చాలామంది పెద్దవాళ్ల కోరిక అదే: పోయాక మిల్లు వైపు గోలుపోస్టు దగ్గర చల్లమని. అందరినీ చల్లితే గడ్డి మాడిపోతుందని మైదానం చూసుకునే మనిషి ఒక కట్టడి పెట్టాడు, మనిషికి ఒక టీకప్పుడు. అందుకని ట్రెవర్ నాన్న ఒక కప్పు మేరకు గోలుపోస్టు దగ్గరా, మిగతా అంతా ట్రెవర్ ఇంట్లో, మెట్ల కింది అరలో, బిస్కట్ల డబ్బాలోనూ ఉన్నాడు. చల్లిన రోజు గాలి తిరగబడి కొంత మైదానం మనిషి టీలో పడిందని అంటారు. ఆయన తాగాడా లేదా అన్నది ట్రెవర్ ఎప్పుడూ అడగలేదు.

ఆ మైదానం డెల్‌మార్‌ది కాదు, పాత యజమానిదీ కాదు. పూర్తిగా కాదు. వందేళ్ల కిందట నేతమిల్లు కూలీలు జీతంలోంచి వారానికో పెన్నీ కోయించుకుని, గుడ్డలారేసే ఆ పొలం కొన్నారు. క్లబ్బు ఎవరి చేతికి పోయినా సరే, మైదానం తాకట్టు పెట్టాలన్నా, అమ్మాలన్నా అభిమానుల సంఘం చెయ్యెత్తి ఒప్పుకోవాలని కాగితం రాసుకున్నారు. ఆ సంఘంలో ఐదుగురు. వాళ్లకు పెద్ద బెరిల్ షటిల్‌వర్త్. డెబ్బై నాలుగేళ్లు. యాభై ఏళ్లుగా మైదానంలో మీట్‌పైలు అమ్ముతున్న మనిషి. ట్రెవర్‌కి యాభై ఎనిమిదేళ్లొచ్చినా ఆవిడను ఇంకా ఆంటీ అనే పిలుస్తాడు, ఎందుకంటే తొమ్మిదేళ్లప్పుడు చిల్లర తక్కువైతే ఆవిడే వదిలేసింది. ఐదుగురిలో అతనూ ఒకడు.

పచ్చబొట్టు ఆరిన నెలకే డెల్‌మార్ మనుషులు సంఘం దగ్గరకు ఒక కాగితం తెచ్చారు. ఆయన క్లబ్బులో పెట్టిన డబ్బుకు మైదానాన్ని తాకట్టుగా రాయాలట. మామూలు పద్ధతేనట.

"పెట్టిన డబ్బంటే? అది ఆయన ఇచ్చిందనుకున్నానే" అంది బెరిల్.

"ఇచ్చిందే ఆంటీ. కాగితాల్లో అప్పని రాసుకుంటారు, అంతే" అన్నాడు ట్రెవర్, తనకేదో తెలిసినట్టు.

ఇంట్లో గ్లెనిస్ కూడా ఇదే అడిగింది. గ్లెనిస్ అతని భార్య. క్లబ్బులో ఆటగాళ్ల బట్టలుతికే పని పంతొమ్మిదేళ్లుగా ఆమెదే. ఫుట్‌బాల్ గురించి ఆమెకు తెలిసింది బురద మాత్రమే. కానీ బురదను బట్టి ఎవడు నిజంగా పరిగెత్తాడో, ఎవడు నిలబడి చూశాడో చెప్పేయగలదు. "ఊరికే ఇచ్చేవాడు తాకట్టెందుకు అడుగుతాడయ్యా?" అంది ఇస్త్రీ చేస్తూ.

"నీకు వ్యాపారం తెలీదు."

"నీకు తెలుసా?"

మర్నాడు చెయ్యెత్తాడు. ఇద్దరు కాదన్నారు, ఇద్దరు ఔనన్నారు, మూడో ఔను అతనిది. పిక్క మీద మొహం పెట్టుకుని కాదనడం ఎలా?

ఆ తర్వాత ఏడాది నుంచి మొదలైంది అతని అసలు కష్టం. ఎందుకంటే క్లబ్బుకు ఉత్తరాలు తెచ్చేది అతనే.

మొదట పన్నుల ఆఫీసు నుంచి ఖాకీ కవరు ఒకటి వచ్చింది. తర్వాత రెండు. ఆ తర్వాత లోపలి కాగితం కనపడే కిటికీ కవర్లలో ఎర్ర అక్షరాలు కనపడటం మొదలైంది. కరెంటు కంపెనీ, గడ్డి విత్తనాల కంపెనీ, అంబులెన్సు వాళ్లు. ముప్ఫై ఏళ్లు ఉత్తరాలు మోసినవాడికి కవరు చింపి చూడనక్కర్లేదు. బరువు చూసి, ముద్ర చూసి, ఎన్నోసారి వచ్చిందో చూసి ఇంట్లో సంగతి చెప్పేయగలడు. కానీ చెప్పకూడదు. ఎవరికి ఏ ఉత్తరం వచ్చిందో మూడో మనిషికి చెప్పనని ఉద్యోగంలో చేరిన రోజు సంతకం పెట్టాడు. ఊళ్లో విడాకులూ, జబ్బులూ, దొంగచాటు ప్రేమలూ అతని సంచిలోంచే వెళ్లాయి. ఒక్కటీ బయటికి రాలేదు. భార్యకు కూడా చెప్పలేదు. అదొక్కటే అతను నిజంగా గొప్పగా చెప్పుకునే విషయం, కానీ దాన్ని గొప్పగా చెప్పుకోవడానికి కూడా వీల్లేదు.

కాబట్టి సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆ కవర్లు మోసేవాడు, శనివారం జనం మధ్య కూర్చునేవాడు. చుట్టూ నాలుగు వేలమంది డెల్‌మార్ పేరు మీద కట్టిన పాట పాడుతుంటే, తనూ నోరు కదిపేవాడు. పక్కనున్నవాడు "వచ్చే ఏడు ఇంకో మెట్టు" అని వీపు చరిస్తే తలూపేవాడు. కవర్ల సంగతి చెబితే ఉద్యోగం పోతుంది, మాట పోతుంది. చెప్పకపోతే పాట పాడాలి. 

ఇంకొకటి ఉంది. డెల్‌మార్ వచ్చిన మొదటి నెలలోనే, ఆయన పేరు మీద, మూలన చిన్న ఇంటి బొమ్మ ఉన్న దళసరి తెల్ల కవర్లు రెండు మూడు వచ్చాయి. ఇళ్లు కట్టి అమ్మే కంపెనీవి. అప్పుడు ట్రెవర్ ఎంత మురిసిపోయాడో. జనం కూర్చునే చోటికి కొత్త పైకప్పు కట్టిస్తున్నాడనుకున్నాడు. ఈల వేసుకుంటూ ఇచ్చి వచ్చాడు. మైదానం తాకట్టు పడ్డాక, ఇప్పుడు ఆ ఈల గుర్తొస్తే నడి రోడ్డు మీద ఆగిపోయి కళ్లు మూసుకుంటాడు.

ఆ పై ఏడు జులైలో జీతాలు పదకొండు రోజులు ఆలస్యమయ్యాయి. గ్లెనిస్‌కి కూడా. అప్పుడు ఊరికి తెలిసింది. డెల్‌మార్ ఊళ్లోకి రావడం మానేసి ఏడు నెలలైందని కూడా అప్పుడే గుర్తొచ్చింది. పేపర్లో కొత్త ఫొటో వేశారు. ఎక్కడో పడవ మీద, మీసాలు తీసేసి, ఆనవాలు పట్టలేనట్టు ఉన్నాడు. అసలు మనిషి మీసం తీసేశాడు, నకలుకు మాత్రం ఉండిపోయింది.

పాట మారింది. పాత రాగమే, కొత్త మాటలు. ఇంట్లో పిల్లల ముందు పాడలేనివి. ఆగస్టులో ట్రెవర్ ప్యాంటు కొనుక్కున్నాడు.

పచ్చబొట్టు తీయించేద్దామని జోడీ దగ్గరకు కూడా వెళ్లాడు. ఆ పిల్ల అతని పిక్కను చేత్తో పట్టుకుని, వెలుతురు కిందకి తిప్పి చూసింది.

"లేజరుతో తీయొచ్చు. పన్నెండుసార్లు రావాలి. నీ నెల జీతం అవుతుంది."

"మీద ఇంకోటి వేసెయ్. ఏ కుక్క బొమ్మో, ఓడ బొమ్మో."

"వెయ్యొచ్చు. కానీ ఉన్నదాన్ని దాచాలంటే, వేసేది దానికంటే పెద్దదై ఉండాలి, దానికంటే నల్లగా ఉండాలి. మోకాలి దాకా వెళ్తుంది మామా. రేపు అది నచ్చకపోతే దాన్ని కప్పడానికి తొడ దాకా వెళ్లాలి." జోడీ కాలు వదిలేసింది. "నా మాట విని ఇంతటితో ఆగిపో."

ట్రెవర్ ప్యాంటు కాలు మళ్లీ చీలమండ దాకా లాక్కుని ఇంటికొచ్చాడు.

అక్టోబరులో, ఒక గురువారం సాయంత్రం, డెల్‌మార్ తరఫున జూలియన్ అనే కుర్ర ఆఫీసరు వచ్చాడు. క్లబ్బు బారులో, డార్ట్‌ల బోర్డు కింద రెండు బల్లలు కలిపి సంఘం ఐదుగురూ కూర్చున్నారు. గోడ వారగా ఊరు సగం నిలబడింది. గ్లెనిస్ ఉతికిన బట్టల బుట్ట మీద కూర్చుంది. బెరిల్ అందరికీ మీట్‌పైలు పెట్టింది. జూలియన్ ముట్టుకోలేదు. అదొక్కటే చాలు, అతని మాట సగం జనానికి చెవికెక్కలేదు.

అతను చెప్పింది ఇదీ. క్లబ్బు డెల్‌మార్‌కి కోటీ పది లక్షల పౌండ్లు బాకీ. ఆయన ఇక పెట్టలేడు. కానీ ఆయనకు తెలిసిన ఇంకో కంపెనీ ఉంది, ఇంకో దీవిలో. అది కోటీ అరవై లక్షలు అప్పిస్తుంది. దాంతో పాత బాకీ తీరిపోతుంది, పన్నుల ఆఫీసు తీరిపోతుంది, మే నెల దాకా జీతాలు వస్తాయి. బదులుగా సంఘం ఒక్క పని చేయాలి. మైదానం అమ్మకానికి తమ ఒప్పుదల అవసరమన్న పాత హక్కును వదులుకోవాలి. 

"వదులుకోకపోతే?" అంది బెరిల్.

"రేపు జీతాలు ఉండవు మేడమ్. బుధవారం పన్నుల ఆఫీసు కోర్టుకెళ్తుంది. కోర్టు మనిషి వచ్చి క్లబ్బును చేతిలోకి తీసుకుంటాడు, లీగు వాళ్లు పన్నెండు పాయింట్లు కోస్తారు. మిగతాది మీకే తెలుసు."

"అంటే మైదానం ఇస్తే క్లబ్బు ఉంటుంది, ఇవ్వకపోతే క్లబ్బు ఉండదు. క్లబ్బు ఉండి మైదానం లేకపోతే ఎక్కడ ఆడతారు నాయనా? మీ పడవ మీదా?"

జనం నవ్వారు. జూలియన్ కూడా నవ్వాడు, పాపం, చిన్నవాడు. "మైదానం ఎక్కడికీ పోదు మేడమ్. ఇదంతా లాంఛనం."

ఓటింగు మొదలైంది. సంఘంలో ఇద్దరు ఔనన్నారు. వాళ్లను తప్పు పట్టడానికి లేదు. ఒకతని కొడుకు క్లబ్బు కొట్టులో పని చేస్తాడు. నలభై ముగ్గురి జీతాలు ఆ రాత్రి ఆ బల్ల మీదున్నాయి. బెరిల్, ఇంకొకామె కాదన్నారు. అందరూ ట్రెవర్ వైపు తిరిగారు. రెండేళ్ల కిందట తిరిగినట్టే.

ట్రెవర్ గ్లెనిస్ వైపు చూశాడు. బయల్దేరేముందు ఇంట్లో అడిగాడు, నీ ఉద్యోగం సంగతేమిటని. "నా మొహం చూసి చెయ్యెత్తావనుకో, ఆ మీసాలాయన పక్కనే నా మొహం కూడా పొడిపించుకోవాల్సొస్తుంది" అంది. ఇప్పుడు మాత్రం బుట్టలోంచి ఒక మేజోడు తీసి మడత పెడుతోంది. దాని జత ఎక్కడుందో వెతుకుతోంది.

జూలియన్ ముందుకు వంగాడు. గొంతు తగ్గించినా అందరికీ వినపడింది. "ఎంట్విసిల్ గారూ, మీ సంగతి డెల్‌మార్ గారికి బాగా తెలుసు. మీ కాలి ఫొటో ఆయన ఆఫీసులో గోడకుంది. వచ్చినవాళ్లందరికీ చూపిస్తారు."

బారులో ఎవరో దగ్గారు. ట్రెవర్‌కి చెవులు మండాయి. తన పిక్క ఏదో దేశంలో, ఏదో గోడ మీద, చల్లటి గదిలో వేలాడుతోందన్న మాట అతనికి అంతవరకూ తెలియదు.

"ట్రెవర్," అంది బెరిల్ మెల్లగా. "నువ్వు రోజూ ఆ గుమ్మంలోకి వెళ్తావు. నీకేమన్నా తెలుసా?"

ఇంటి బొమ్మ ఉన్న తెల్ల కవరు నాలుక చివరి దాకా వచ్చింది. ఒక్క మాట చాలు. అందరూ అతని పక్షాన లేచి నిలబడతారు. అతను మీట్‌పై పళ్లెం వైపు చూశాడు. అతనూ దాన్ని ముట్టుకోలేదు.

"నేను ఉత్తరాలు మోస్తాను ఆంటీ. చదవను."

"మంచిది," అంది బెరిల్. 

ట్రెవర్ లేచాడు. అతనికి ఉపన్యాసాలు రావు. ఏం చేయాలో తోచక కుడికాలు కుర్చీ మీద పెట్టి ప్యాంటు పైకి లాగడం మొదలుపెట్టాడు. మందపాటి గుడ్డ, మోకాలి కింద బిగుసుకుపోయింది. పక్కనున్నతను సాయం పట్టాడు. మూడు నెలలుగా ఎండ తగలక పిక్క పాలిపోయి ఉంది. మీసాలాయన నవ్వుతున్నాడు.

"ఇది దాచాలని ఆగస్టులో జోడీ దగ్గరికెళ్లాను," అన్నాడు ట్రెవర్. "దాచాలంటే దీనికంటే పెద్దది, దీనికంటే నల్లటిది వేయాలంది. అది నచ్చకపోతే దాని మీద ఇంకోటి. తొడ దాకా పోతుందంది." జూలియన్ కాగితం వైపు చూపించాడు. "ఇదీ అదే కదా బాబూ. పాతదాన్ని కప్పడానికి ఇంకా పెద్దది." కొంచెం ఆగాడు. "ఆ పిల్ల ఆగిపొమ్మంది. నేను ఆగిపోతున్నాను. కాదు."

చప్పట్లు లేవు. గోడ వారన ఉన్నవాళ్లలో జీతాలు రావాల్సినవాళ్లున్నారు. కొట్టు కుర్రాడి తండ్రి టోపీ తీసుకుని వెళ్లిపోయాడు. ట్రెవర్ ప్యాంటు కిందకి దించబోతే అది మోకాలి దగ్గరే ఇరుక్కుపోయింది. అలాగే ఒక కాలు బయటపెట్టి, గ్లెనిస్ బుట్టకు ఒక పక్క పట్టుకుని ఇంటిదాకా నడిచాడు. దారిలో గ్లెనిస్ ఒక్కటే మాట అంది. "ఆ జత దొరికింది."

మర్నాడు పొద్దున వాన. గాలి కొండ మీంచి కోస్తోంది. ట్రెవర్ నిక్కరు వేసుకుని బయల్దేరాడు. ఊరంతా చూశాక ఇంక దాచేదేముంది.

"దోమలు తగ్గాయా?" అంది మిసెస్ ఒగ్డెన్.

"తగ్గాయండీ."

జూలియన్ చెప్పినవన్నీ జరిగాయి. శుక్రవారం జీతాలు రాలేదు. బుధవారం కోర్టు. పన్నెండు పాయింట్లు పోయాయి. ట్రెవర్ ఏడాదిన్నర జీతాన్ని వారానికి తీసుకున్న ఆటగాడు మొదట వెళ్లాడు. నలభై ముగ్గురిలో తొమ్మిదిమంది మిగిలారు, తర్వాత ముగ్గురు. గ్లెనిస్ రెండు వారాలు జీతం లేకుండా ఉతికి, తర్వాత వృద్ధాశ్రమంలో దుప్పట్లుతికే పనికి చేరింది. అక్కడ బురద లేదని కాస్త చిన్నబోతుంది. ఇప్పుడు శనివారాలు ఆడేది పద్దెనిమిదేళ్ల పిల్లలు. ఓడిపోతుంటారు. వానలో తడుస్తూ పదకొండు వందలమంది వెళ్తారు. కొట్టు కుర్రాడి తండ్రి ట్రెవర్‌కి రెండు వరసలు వెనక కూర్చుంటాడు. పలకరించడు. ట్రెవర్ అందుకు అతన్నేమీ అనుకోడు, కానీ వెనక్కి తిరిగి చూడడానికి మెడ రాదు.

మైదానం ఉంది. కానీ ఎలా ఉందంటే, తాకట్టు కాగితం డెల్‌మార్ దగ్గరుంది కాబట్టి వేరెవరూ క్లబ్బును కొనడానికి రారు. సంఘం ఒప్పుకోదు కాబట్టి డెల్‌మార్ అమ్మలేడు. ఆయన వదలడు, వీళ్లు వదలరు. కోర్టు మనిషికి ఓపిక తగ్గిపోతోంది. ఎన్నాళ్లని అడిగితే బెరిల్, "నాకు డెబ్బై నాలుగు, ఆయనకి అరవై. లెక్క ఆయనకే బాగుంది" అంటుంది.

ఆఫీసులో మనుషులు లేకపోవడంతో క్లబ్బు తాళంచెవి సంఘం చేతికొచ్చింది. పొద్దున్నే లేచే మనిషి కాబట్టి దాన్ని ట్రెవర్‌కిచ్చారు. 

జనవరిలో, మొదటి మంగళవారం, మంచు. ట్రెవర్ సంచిలో డెల్‌మార్ లాయర్ల నుంచి క్లబ్బుకొచ్చిన ఉత్తరం ఉంది. సంతకం తీసుకుని ఇవ్వాల్సింది. అతను ఆఫీసు తలుపు కొట్టాడు. కొట్టి, నిబంధన ప్రకారం ఆగాడు. పిక్కల మీద మంచు పడుతోంది. మీసాలాయన నీలంగా మారాడు.

బెరిల్ పాలసీసా తీసుకుని అటుగా వెళ్తూ ఆగింది. "ఎవరి కోసంరా?"

"లోపల ఎవరన్నా ఉన్నారేమోనని."

"తాళంచెవి నీ జేబులోనే ఉందిగా."

"డ్యూటీలో ఉన్నాను ఆంటీ. తెచ్చినవాడే తీసుకోకూడదు."

"ఇలా ఇవ్వు, నేను సంతకం పెడతాను."

"మీరు ఈ చిరునామాలో లేరు. రోడ్డు మీదున్నారు."

బెరిల్ అతని మొహం వైపు చూసింది. ఆ ఏడాది పొడుగునా ఖాకీ కవరు వచ్చిన వారం అతను మీట్‌పై కొనేవాడు కాదన్న సంగతి ఆవిడ ఎప్పుడో గమనించింది. ఆ గురువారం కాదనడానికి ఆవిడకు అదే సరిపోయింది. ఆ మాట అతనికెప్పుడూ చెప్పలేదు. చెబితే మాట తప్పానేమోనని కుంగిపోతాడు. "పిక్కలు గడ్డకడతాయి, త్వరగా కానీ" అని వెళ్లిపోయింది.

ట్రెవర్ కార్డు తీసి రాశాడు. 'మేము వచ్చాము. మీరు లేరు. ఉత్తరం మా ఆఫీసులో ఉంది. గుర్తింపు కార్డుతో వచ్చి తీసుకోండి.' తలుపు కంతలోంచి లోపలికి వేశాడు. మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ దిగి, వెనక్కి నడిచొచ్చి, జేబులోంచి తాళంచెవి తీసి తలుపు తెరిచి, చాప మీద పడున్న కార్డు తీసుకుని, పోస్టాఫీసుకి వెళ్లాడు. పొద్దున అతని పక్కనే ఉత్తరాలు విడదీసిన పిల్ల కౌంటరులో కూర్చుంది. 

"పేరు?" అంది, ఎంత ఆపుకున్నా నవ్వు ఆగక.

"ట్రెవర్ ఎంట్విసిల్. క్లెగ్‌షా టౌన్ తరఫున."

"గుర్తింపు?"

చూపించాడు. సంతకం పెట్టాడు. కవరు మెట్ల మీదే చింపి చదివాడు. ఇప్పుడది అతనిదే, చదవొచ్చు. మీ నిర్ణయం గురించి మరోసారి ఆలోచించగలరా అని నాలుగు వరసలు. పోయిన నెల కూడా అవే నాలుగు వరసలు. తేదీ ఒక్కటే వేరు. గ్లెనిస్ ఆ ఉత్తరాలను మెట్ల కింది అరలో, బిస్కట్ల డబ్బా పక్కన, మామగారికి తోడుగా పెడుతోంది.

వచ్చే నెల మొదటి మంగళవారం మళ్లీ వస్తుంది. ట్రెవర్ ఆ రాత్రి వంటింటి బల్ల దగ్గర కూర్చుని, కార్డుల కట్టలోంచి పన్నెండు తీసి, క్లబ్బు చిరునామా ముందే రాసి పెట్టుకున్నాడు. తేదీ చోటు మాత్రం ఖాళీగా వదిలేశాడు.